అధ్యక్షులు ఇంటికెళ్లాక

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభాధ్యక్షులకు నమస్కారం. ఇవాళ మాట్లాడేదంతా అధ్యక్షుల గురించే కాబట్టి ముందే ఒక మనవి. మధ్యలో నేను ఎవరినైనా కాస్త గట్టిగా అంటే, అది మిమ్మల్ని కాదు. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్లు 'అమెరికా అధ్యక్షుల జీవితాలు' అని చెప్పి నలభై నిమిషాలు ఇచ్చారు. ఇప్పటిదాకా ఆ పదవిలో కూర్చున్నవాళ్లు 45 మంది. తలా ఒక నిమిషం కూడా రాదు. పైగా వాళ్లు వైట్‌హౌస్‌లో ఏం చేశారన్నది మీ ఫోన్లోనే దొరుకుతుంది, దానికి నేనెందుకు? అందుకని నాకు ఇష్టమైన వైపు నుంచి వస్తాను. వాళ్లు దిగి ఇంటికెళ్లాక ఏమయ్యారు?

చాలా ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను. పుస్తకంలో ఫలానా ఏడాది ప్రమాణస్వీకారం, ఫలానా ఏడాది పదవీకాలం ముగిసింది అని ఉంటుంది. పాఠం అక్కడితో అయిపోతుంది. మనిషి అయిపోడు కదా! మన దగ్గరైతే 'మాజీ' అన్నది కూడా ఒక హోదానే, కారు మీద రాయించుకు తిరుగుతాం. అక్కడ కూడా మర్యాదకి చచ్చేదాకా 'మిస్టర్ ప్రెసిడెంట్' అనే పిలుస్తారు. కానీ చాలా కాలం పాటు ఆ పిలుపు తప్ప ఇంకేమీ ఇచ్చేవాళ్లు కాదు. పెన్షన్ లేదు, ఇల్లు లేదు, గుమాస్తా లేడు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మొదటాయన జార్జ్ వాషింగ్టన్. రెండు విడతలు చేసి 1797 మార్చిలో దిగిపోయాడు. మూడోసారి నిలబడతానంటే కాదనేవాళ్లు లేరు. ఆ రోజుల్లో లోకమంతా రాజులే. రాజు గద్దె దిగడమంటే చావాలి, లేదా ఎవడో లాగి పడెయ్యాలి. ఈయన తనంతట తాను మౌంట్ వెర్నన్‌కి వెళ్లి పొలం పనులు చూసుకున్నాడు. అక్కడ విస్కీ బట్టీ కూడా పెట్టించాడు. 1799లో ఒక్క ఏడాదిలో దాదాపు 11,000 గ్యాలన్ల సరుకు తీశారు. ఆ కాలానికి దేశంలో పెద్ద బట్టీల్లో అదొకటి. (ముందు వరుసలో ఎవరో ఏదో అన్నారు) అవునండీ, జాతిపితే. కానీ మన జాతిపిత వేరు, వాళ్ల జాతిపిత వేరు.

బట్టీ దగ్గర ఒళ్లు వంచింది మటుకు బానిసలు. వాషింగ్టన్ చనిపోయే ఏడాది వీలునామా రాసుకున్నాడు. తన పేరు మీదున్న 123 మంది బానిసలకు, తన భార్య తదనంతరం విడుదల ఇవ్వాలని అందులో ఉంది. ఆ 1799 డిసెంబర్‌లోనే ఆయన పోయాడు. ఇక ఆ ఇంట్లో మార్తా పరిస్థితి ఊహించండి. వంట చేసేవాళ్లు, పక్క వేసేవాళ్లు, వీళ్లలో చాలామందికి ఈమె పోతేనే స్వేచ్ఛ. ఆమె అంతవరకూ ఆగలేదు. 1801 జనవరి 1న వాళ్లను వదిలేసింది. దయతో వదిలిందా, భయంతో వదిలిందా అంటే, భయం పాలే ఎక్కువని నా అనుమానం.

థామస్ జెఫర్సన్ మూడో అధ్యక్షుడు. గ్రంథాలయంలో నిలబడి ఆయన పేరెత్తకపోతే పాపం. 1814లో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ నగరం మీద పడి కాంగ్రెస్ భవనాన్ని తగలబెట్టింది, అందులోని పుస్తకాలూ పోయాయి. మరుసటి ఏడాది జెఫర్సన్ తన సొంత పుస్తకాలు 6,487 కాంగ్రెస్‌కి 23,950 డాలర్లకు అమ్మాడు. ఇవాళ్టి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి అదే విత్తనం. బండ్లు కదిలి వెళ్లాక ఊరుకోగలిగాడా అంటే లేదు. పుస్తకాలు లేకుండా బతకలేనని పాత స్నేహితుడు, రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కి ఉత్తరం రాసి, మళ్లీ కొనడం మొదలుపెట్టాడు. ఇక్కడ అలాంటి జబ్బున్నవాళ్లు కొంతమంది కనిపిస్తున్నారు నాకు.

ఆయన సమాధి రాయి మీద ఏం చెక్కాలో ఆయనే కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. స్వాతంత్ర్య ప్రకటన రాసినవాడు, వర్జీనియాలో మత స్వేచ్ఛ చట్టం రాసినవాడు, వర్జీనియా విశ్వవిద్యాలయానికి తండ్రి. ఇంతే. ఇంకొక్క మాట కూడా చెక్కొద్దని షరతు. ఎనిమిదేళ్లు దేశాధ్యక్షుడిగా చేసిన సంగతి ఆ రాయి మీద లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇలాంటిది ఇంకోటి వస్తుంది.

రాయి మీద లేనిది ఇంకొకటి కూడా ఉంది, అప్పు. 1826 జులై 4న, స్వాతంత్ర్యానికి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, ఆయన కన్నుమూశాడు. అదే రోజు జాన్ ఆడమ్స్ కూడా. కథల్లో రాస్తే నమ్మం. అప్పటికి జెఫర్సన్ బాకీలు లక్ష డాలర్ల పైన. ఆరు నెలలు దాటాయో లేదో ఆయన మాంటిచెల్లో ఇంటి ముందు వేలం పెట్టారు. బల్లలు, మంచాలు, పశువులు, వాటితో పాటు 130 మంది మనుషులు. మనుషులంతా సమానంగా పుట్టారని రాసినాయన బాకీ వాళ్లు తీర్చారు.

జాన్ ఆడమ్స్ కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్. తండ్రీ కొడుకులిద్దరూ అధ్యక్షులే, ఇద్దరూ రెండోసారి ఓడినవాళ్లే. అధ్యక్షుడిగా ఈ కొడుకు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, నన్నడిగితే నాలుగేళ్లు వృథా. 1828లో చిత్తుగా ఓడాడు. తర్వాత చేసిన పని చూడండి. రెండేళ్లకు తన జిల్లా నుంచి కాంగ్రెస్ దిగువ సభకు పోటీ చేసి గెలిచాడు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ముఖ్యమంత్రిగా చేసినాయన మళ్లీ జెడ్పీటీసీగా నిలబడినట్టు. పరువు తక్కువ కాదా అన్నారు జనం. ఆయన వినలేదు. పదిహేడేళ్లు ఆ బెంచీ మీదే కూర్చున్నాడు.

ఆ సభలో 1836లో ఒక నియమం తెచ్చారు. బానిసత్వానికి వ్యతిరేకంగా జనం పంపే అర్జీలు సభ ముందుకే రాకూడదు. ముసలాయనకు ఒళ్లు మండింది. ప్రతిసారీ కట్టలు కట్టలు అర్జీలు పట్టుకొచ్చి, చదవడం మొదలుపెట్టి, కూర్చోమంటే కూర్చోకుండా, ఎనిమిదేళ్లు సతాయించాడు. 1844లో ఆ నియమం రద్దయింది. మధ్యలో 1841లో, 73 ఏళ్ల వయసులో సుప్రీంకోర్టుకెక్కాడు. అమిస్టాడ్ అనే ఓడలో బానిసలుగా తీసుకెళ్తుంటే తిరగబడిన ఆఫ్రికా మనుషుల తరఫున గంటల తరబడి వాదించి, వాళ్లను విడిపించాడు. అధ్యక్షుడిగా చేయలేనిది, చేయడానికి అసలు ప్రయత్నించనిది, మామూలు సభ్యుడిగా చేశాడు.

1848 ఫిబ్రవరి 21న మెక్సికో యుద్ధంలో పాల్గొన్న సైన్యాధికారులను సత్కరించే తీర్మానం సభ ముందుకొచ్చింది. ఆయన గట్టిగా 'నో' అన్నాడు. కాసేపటికి కుర్చీలోనే ఒరిగిపోయాడు. బయటికి తీసుకెళ్లే పరిస్థితి లేక స్పీకర్ గదిలో పడుకోబెట్టారు. రెండు రోజులకు అక్కడే పోయాడు. ఆ సభలో అప్పుడు ఇల్లినాయి నుంచి తొలిసారి గెలిచి వచ్చిన ఒక పొడుగాటి లాయరు సభ్యుడిగా ఉన్నాడు. పేరు అబ్రహాం లింకన్.

టాఫ్ట్ సంగతి ఒక్క ముక్కలో. 1909 నుంచి 1913 దాకా అధ్యక్షుడు. ఆ పని ఆయనకు నచ్చలేదు. చిన్నప్పటి నుంచీ కోరిక జడ్జీ కావాలని. 1921లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. రెండు పదవులూ చేసినవాడు అమెరికా చరిత్రలో ఆయనొక్కడే. కోర్టులో కూర్చున్నాక తాను ఒకప్పుడు అధ్యక్షుణ్ని అన్నదే గుర్తు రావడం లేదని రాసుకున్నాడు. రిటైరయ్యాక నాకు అటెండెన్స్ రిజిస్టర్ గుర్తు రానట్టు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మనిషి దగ్గరికొస్తాను. యులిసిస్ గ్రాంట్. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాలను గెలిపించిన సేనాని, 1869 నుంచి 1877 దాకా అధ్యక్షుడు. నల్లవారికి ఓటు హక్కిచ్చిన 15వ సవరణ ఈయన కాలంలోనే వచ్చింది, నల్లవారిని కొట్టి చంపే తెల్లవాళ్ల ముఠా కూ క్లక్స్ క్లాన్ మీదికి సైన్యాన్ని పంపిందీ ఈయనే. అదే ప్రభుత్వంలో లంచగొండులు కూడా బాగా బలిశారు. మనిషి నిజాయితీపరుడే, పక్కనున్నవాళ్లను నమ్మడమే ఆయన జబ్బు.

దిగాక భార్య జూలియాతో రెండేళ్లకు పైగా ప్రపంచయాత్ర చేశాడు. 1879 ఫిబ్రవరిలో బొంబాయిలో దిగి, ఆగ్రా, ఢిల్లీ, కలకత్తా చూసి వెళ్లాడు. తిరిగొచ్చాక న్యూయార్క్‌లో కాపురం. కొడుకు ఒక కుర్రాడితో కలిసి వాల్‌స్ట్రీట్‌లో గ్రాంట్ అండ్ వార్డ్ అనే కంపెనీ పెట్టాడు, తండ్రి ఉన్నదంతా అందులో పెట్టాడు. ఫెర్డినాండ్ వార్డ్ అనే ఆ కుర్రాడు మాటకారి. కొత్తగా వచ్చిన డబ్బుతో పాతవాళ్లకు లాభాలు పంచడం, ఒకే పత్రాల మీద నలుగురి దగ్గర అప్పు తేవడం. మనూళ్లల్లో చిట్టీల కంపెనీలు చూసిన మీకు మిగతాది చెప్పక్కర్లేదు. 1884 మే నెలలో ఒక ఆదివారం వార్డ్ వచ్చి, బ్యాంకు ఇబ్బందుల్లో ఉంది, అర్జంటుగా లక్షా యాభై వేలు కావాలన్నాడు. గ్రాంట్ నేరుగా కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ ఇంటికెళ్లి తన పేరు మీద చేబదులు తెచ్చిచ్చాడు. రెండు రోజులకు కంపెనీ బోర్డు తిప్పేసింది. ఇంట్లో లెక్క చూస్తే ఆయన దగ్గర 80 డాలర్లు, జూలియా దగ్గర 130.

పెన్షన్ లేదన్నాను కదా. అధ్యక్షుడు కావడానికి సైన్యం హోదా వదులుకున్నాడు, దాంతో సైన్యం పెన్షనూ పోయింది. వాండర్‌బిల్ట్ బాకీ కింద ఇళ్లూ, యుద్ధంలో కట్టిన కత్తులూ, దేశదేశాల్లో ఇచ్చిన కానుకలూ అన్నీ రాసిచ్చేశాడు. వాండర్‌బిల్ట్ వద్దు వద్దన్నా బలవంతాన ఇచ్చాడు. అప్పుడు ఒక చిన్న వ్యాపారి, గ్రాంట్‌కి ముఖపరిచయం కూడా లేనివాడు, 500 డాలర్ల చెక్కు పంపాడు. 1865 ఏప్రిల్‌తో ముగిసిన మీ సేవలకు నా వంతు బాకీ అని రాశాడు. ఏప్రిల్ 1865 అంటే దక్షిణాది సేనాని లీ లొంగిపోయిన నెల. ఈ ఉత్తరం సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. (ఆగి, మంచినీళ్లు తాగారు)

ఆ వేసవిలోనే ఒకరోజు పీచ్ పండు కొరికాడు. గొంతులో ఏదో కుట్టినట్టు భరించలేని మంట. పండులో పురుగేమో అనుకున్నాడు. గొంతు క్యాన్సర్. రోజుకు ఇరవై చుట్టలు కాల్చేవాడు మరి. ఆ అలవాటు ముదరడానికీ ఒక కారణముంది. అంతర్యుద్ధంలో ఫోర్ట్ డోనెల్‌సన్ అనే కోట గెలిచినప్పుడు నోట్లో చుట్టతో ఉన్నాడని పేపర్లో పడింది. మా జనరల్‌కి చుట్టలంటే ఇష్టమట అని జనం పెట్టెలకు పెట్టెలు పంపారు, మొత్తం పది వేల దాకా వచ్చాయట. అభిమానుల ప్రేమ ఒక్కోసారి అలా ఉంటుంది.

పోతే జూలియాకి ఏం మిగులుతుంది? రాయడం తెలియదనుకునే మనిషి రాయడానికి కూర్చున్నాడు. ఒక పత్రిక వ్యాసానికి 500 డాలర్లిచ్చింది. ఆత్మకథ కూడా వాళ్లకే ఇవ్వబోతుంటే రచయిత మార్క్ ట్వైన్ అడ్డుపడ్డాడు. నిన్ను వాళ్లు దోచుకుంటున్నారయ్యా, నా ప్రచురణ సంస్థకివ్వు, లాభంలో 70 శాతం నీకు అన్నాడు. 1885 జూన్‌లో గ్రాంట్‌ని న్యూయార్క్ ఎండల నుంచి మౌంట్ మెక్‌గ్రెగర్ కొండ మీది ఇంటికి తీసుకెళ్లారు. అక్కడ తీసిన ఫోటో ఒకటుంది, మీరు వెతికి చూడండి. వరండాలో పేము కుర్చీ, ఒళ్లో దుప్పటి, మెడకు గుడ్డ, తలకు ఉన్ని టోపీ. వేసవి కాలం అది! చేతిలో కాగితాలు, తల వంచి రాసుకుంటున్నాడు. పడుకుంటే ఊపిరాడక రాత్రిళ్లు రెండు తోలు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని వాటిలోనే కునుకు. నొప్పికి గొంతులో కొకైన్ నీళ్లు పూసేవాళ్లు. మాట పోయింది. ఏం కావాలన్నా చీటీ మీద రాసివ్వడమే.

ఆ చీటీల్లో డాక్టర్‌కి రాసింది ఒకటుంది. నేను సర్వనామాన్ని కాదు, క్రియాపదాన్ని అనిపిస్తోంది అన్నాడు. క్రియ అంటే ఉండటం, చేయటం, బాధ పడటం, నాకు మూడూ వర్తిస్తున్నాయి అన్నాడు. తెలుగు మాస్టార్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారు. మన వ్యాకరణంలో కర్మణి వాక్యానికి వాడేది ఏ ధాతువండీ? 'పడు'. చేయబడెను, చెప్పబడెను. మన భాషలో ఒకరి చేత ఏదైనా జరగడమే 'పడటం'. గ్రాంట్‌కి తెలుగు తెలిసుంటే ఆ చీటీ ఇంకా చిన్నదయ్యేది.

జులై నెల మధ్యకు రాత ముగిసింది. 23వ తేదీ ఉదయం 8 గంటల 8 నిమిషాలకు పోయాడు. కొడుకు లేచి గోడ దగ్గర గడియారం ఆపేశాడు. ఆ ఇల్లూ, ఆ గడియారమూ ఇప్పటికీ ఉన్నాయి.

రెండు సంపుటాలు. పాత సైనికులు ఇల్లిల్లూ తిరిగి చందాలు కట్టించుకుని మూడు లక్షలకు పైగా ప్రతులు అమ్మారు. జూలియాకి దాదాపు 4,50,000 డాలర్లు వచ్చాయి. అంతా బాగుంది, ఇంతకీ ఆ పుస్తకంలో ఆయన అధ్యక్ష పదవి గురించి ఎంత ఉందంటారు? దాదాపు సున్నా. కథ యుద్ధంతో ఆగిపోతుంది. జెఫర్సన్ సమాధి రాయి గుర్తుందా, అదే ఇది. కుర్రాడిగా తాను పోరాడిన మెక్సికో యుద్ధం గురించి మాత్రం రాశాడు. బలమైన దేశం బలహీనమైన దేశం మీద చేసిన యుద్ధాల్లో అంత అన్యాయమైనవి అరుదన్నాడు. ముసలి ఆడమ్స్ ఆఖరి 'నో' ఆ యుద్ధం మీదే.

పెన్షన్ మాట. మాజీ అధ్యక్షులకు పెన్షన్ ఇచ్చే చట్టం 1958 దాకా రాలేదు. దాని వెనక చెప్పే కథ హారీ ట్రూమన్‌ది. 1953లో దిగి, భార్య బెస్‌తో రైలెక్కి మిస్సోరిలో ఇండిపెండెన్స్ అనే సొంతూరుకి, అత్తగారింటికే వెళ్లిపోయాడు. చేతికొచ్చేది నెలకు 112 డాలర్ల సైనిక పెన్షన్. ఆ వేసవిలో ఇద్దరూ తమ కారులో, పోలీసు కాపలా ఏమీ లేకుండా, తూర్పు తీరం దాకా వెళ్లొచ్చారు. పెన్సిల్వేనియాలో ఒక పోలీసు వాళ్ల కారు ఆపాడు, ఎడమ లేన్‌లో మరీ నిదానంగా పోతున్నారని. లోపలికి తొంగి చూసి ఎవరో గుర్తుపట్టేసరికి అతని టెన్షన్ చూడాలి. బాగుంటుంది కదా కథ? నేనూ ఏళ్ల తరబడి క్లాసులో చెప్పాను, పాపం పేద ట్రూమన్ అని. తీరా ఈ మధ్య ఆ కుటుంబం కాగితాలు బయటపడితే తేలిందేమిటంటే, ఆయన చెప్పుకున్నంత బీదవాడేమీ కాదు, బాగానే వెనకేసుకున్నాడు. కాబట్టి నా పాత విద్యార్థులెవరైనా ఉంటే ఆ పాఠం కొట్టేసుకోండి. (నవ్వులు) చట్టం మటుకు నిలిచింది. అప్పట్లో ఏడాదికి 25,000 డాలర్లు, ఇప్పుడు రెండు లక్షల పైన. దాని మీద పుస్తకాలకూ ఉపన్యాసాలకూ వచ్చేది వేరే. ఇవాళ దిగిన ఏ అధ్యక్షుడికీ 80 డాలర్ల గతి పట్టదు.

చివరికి జిమ్మీ కార్టర్. మన రాయలసీమకు దగ్గరివాడు. ఎందుకంటే శనక్కాయల రైతు. జార్జియాలో ప్లెయిన్స్ అనే పల్లె. 1980లో రీగన్ చేతిలో ఓడి ఇంటికొచ్చేసరికి, ట్రస్టుకి అప్పగించి వెళ్లిన శనక్కాయల గిడ్డంగి వ్యాపారం పది లక్షల డాలర్ల అప్పుల్లో ఉంది. అమ్మేశాడు. 1961లో కట్టుకున్న మామూలు ఇంట్లోనే ఆఖరిదాకా ఉన్నాడు. 1982లో భార్య రోజలిన్‌తో కలిసి అట్లాంటాలో కార్టర్ సెంటర్ పెట్టాడు. ఎన్నికల పరిశీలన, రాయబారాలు, 2002లో నోబెల్ శాంతి బహుమతి, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక పురుగు గురించి.

ఇంగ్లీషులో గినియా వార్మ్ అంటారు. పేరు వినగానే మనది కాదనిపిస్తుంది. నారి కురుపు అంటే? అదిగో, వెనక పెద్దవాళ్లు తలలూపుతున్నారు. మా అవ్వ ఎడమ కాలి పిక్క మీద పొడుగాటి మచ్చ ఉండేది, మెరుస్తూ, కొంచెం లోపలికి గుంటపడి. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి ఇదేంటవ్వా అంటే, నారి కురుపురా, పురుగును పుల్లకు చుట్టి తీసినారు అనేది. దిగుడు బావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకునే కాలం. ఆ నీళ్లలో కంటికి ఆనని చిన్న నీటి పురుగులుంటాయి, వాటి కడుపులో దీని పిల్ల. నీళ్లతో పాటు మనిషి లోపలికి పోతుంది. ఏడాదికి దారప్పోగులాగా మూరెడు, రెండు మూరలు పెరిగి కాలి దగ్గర బొబ్బ లేపి తల బయట పెడుతుంది. మంటకి ఓర్చుకోలేక కాలు నీళ్లల్లో పెడతాం, అప్పుడది వేల పిల్లల్ని నీళ్లలోకి వదుల్తుంది. రోజుకింత చొప్పున పుల్లకు చుట్టుకుంటూ లాగాలి. తెగిందా, లోపల కుళ్లుతుంది. మందు లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టుకుని తాగడం, కురుపున్నవాళ్లు బావిలో దిగకుండా చూడటం, ఇవే ఉపాయాలు.

కార్టర్ సెంటర్ దీన్ని నెత్తికెత్తుకున్నప్పుడు, 1986లో, ఆఫ్రికా, ఆసియాల్లో 21 దేశాల్లో సుమారు 35 లక్షల మందికి ఈ జబ్బుంది. 1988లో ఆయన ఘనాలో ఒక పల్లెకు వెళ్లాడు. ఒకామె బిడ్డను ఎత్తుకున్నట్టు నిలబడి ఉంది. పలకరిద్దామని దగ్గరికెళ్లాడు. ఆమె చేతుల్లో ఉన్నది బిడ్డ కాదు, వాచిపోయిన ఆమె రొమ్మే. చనుమొనలోంచి పురుగు బయటికొస్తోంది. ఆ దృశ్యం ఆయన్ని జీవితాంతం వదల్లేదు, చాలాసార్లు చెప్పుకున్నాడు. 1995లో సూడాన్‌లో అంతర్యుద్ధం జరుగుతుంటే ఇరుపక్షాలనూ ఒప్పించి నెలల తరబడి కాల్పులు ఆపించాడు, ఊళ్లల్లోకి వెళ్లి వడగట్టే గుడ్డలు పంచడానికి. వైట్‌హౌస్‌లో ఉండగా ఇరాన్‌లో బందీలైన 52 మందిని తన హయాంలో ఇంటికి చేర్చలేకపోయాడని ఓడించారు కదా ఆయన్ని. ఆ మనిషే ఒక పురుగు కోసం యుద్ధం ఆపాడు.

ఒక సంగతి తూకం తప్పకుండా చెప్పాలి. మన దేశంలో నారి కురుపును పోగొట్టింది కార్టర్ కాదు. 1980ల మొదట్లోనే మన ప్రభుత్వం సొంతంగా కార్యక్రమం పెట్టింది. ఊరూరా తిరిగి కేసులు వెతికినవాళ్లు, దిగుడు బావులు పూడ్పించి బోరింగులు వేయించినవాళ్లు మన ఆరోగ్య కార్యకర్తలు, మన ఇంజనీర్లు. చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారి కురుపు లేని దేశమని ప్రకటించింది. వాళ్లెవరి పేరూ మనకు తెలియదు. మా అవ్వకి కార్టర్ పేరూ తెలియదు, వాళ్ల పేర్లూ తెలియవు. బోరింగు నీళ్లు చప్పగా ఉన్నాయని తిట్టుకుంటూనే తాగింది.

2015లో, 90 ఏళ్ల వయసులో, కార్టర్‌కి క్యాన్సర్ మెదడు దాకా పాకింది. విలేఖరుల ముందు కూర్చుని, భయమేమీ లేకుండా, నవ్వుతూ మాట్లాడాడు. ఇంకా ఏం కోరికలున్నాయని అడిగితే, ఆఖరి గినియా పురుగు నాకంటే ముందు చావాలి అన్నాడు. ఆ క్యాన్సర్ నుంచి బయటపడ్డాడు. 2023లో రోజలిన్ పోయింది. ఆ ఏడాది లోకం మొత్తం మీద నారి కురుపు కేసులు 14. 2024 డిసెంబర్ 29న, నూరేళ్లు నిండాక, ప్లెయిన్స్‌లో ఆ ఇంట్లోనే ఆయన పోయాడు. కొత్త ఏడాది మొదట్లో ఆ సంవత్సరం లెక్క వచ్చింది. 15 మంది. పురుగు ఇంకా ఉంది. చాద్ దేశంలో కుక్కల్లో దాక్కుంది, ఇప్పుడు అక్కడి పల్లెల్లో కుక్కల్ని కట్టేసి ఉంచమని ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.